ఆరో మాట

జంషెడ్‌పూర్ అగ్రికో క్వార్టర్ల నివాసి, కంపెనీ తూకాల విభాగంలో సీనియర్ ఫోర్‌మన్, యాభై ఎనిమిదేళ్ళ శ్రీ ఎడ్వర్డ్ పోలరాజు గారు సుదీర్ఘమైన ప్రార్థన, ఉపవాసం, లేఖన పరిశీలనల అనంతరం ఆంగ్లికన్ సంఘాన్ని విడిచి రోమన్ కతోలిక సంఘంలో చేరే విషయం తీవ్రంగా ఆలోచిస్తున్నారని సమస్త విశ్వాసులకూ తెలియజేయడమైనది. ప్రార్థన పది నిమిషాలు సాగింది. ఉపవాసం టిఫినుకీ భోజనానికీ మధ్య జరిగింది. లేఖన పరిశీలనకి కళ్ళజోడు దొరకలేదు గాని, అందులో ఏం రాసి ఉందో ఆయనకి ముందే తెలుసు కాబట్టి పెద్ద లోటు కలగలేదు.

ఆయన ఆంగ్లికన్ ఎలా అయ్యారో చెప్పకపోతే ఈ నిర్ణయం బరువు మీకు తెలియదు. వాళ్ళ తాత పోలరాజు బొబ్బిలి దగ్గర పల్లెనుంచి వచ్చి ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో వంటకి కుదిరాడు. దొర ఏ గుడికి వెళితే తాతా ఆ గుడికే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. దొర పేరు ఎడ్వర్డు కాబట్టి బాప్తిస్మంలో తాతకీ అదే పేరు పెట్టారు. దొర మరో గుడికి వెళ్ళేవాడై ఉంటే ఈ కుటుంబం మరో సంఘంలో ఇంతే గట్టిగా స్థిరపడి ఉండేది. 1970లో సంఘాలు కొన్ని కలిసిపోయి ఆంగ్లికన్ అన్న మాట గుడి బోర్డు మీంచే చెరిగిపోయినా, పోలరాజు గారు మాత్రం ఆ విలీనాన్ని వ్యక్తిగతంగా ఆమోదించలేదు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడికి కూడా ‘మేం ఆంగ్లికన్స్’ అని చెప్పేవారు. చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు హిందూ కుటుంబాలు. పక్క క్వార్టరు వెంకటరావు గారు ఆంగ్లికన్ అంటే కంపెనీలో ఏదో గ్రేడు అనుకుని, ఆ గ్రేడుకి పెన్షను ఎలా ఉంటుందని చాలా ఏళ్ళుగా అడగాలనుకుంటున్నారు.

అలాంటి మనిషి తాతల నాటి గుడిని వదలడానికి కారణం పూర్తిగా ఆత్మసంబంధమైనది. ఆ కారణం గుడ్‌ఫ్రైడే నాడు మధ్యాహ్నం రెండుంబావుకి వస్తుంది.

బర్మామైన్స్ వైపున్న ఆ ఎర్ర ఇటుకల గుడిలో తెలుగు సంఘం గుడ్‌ఫ్రైడే నాడు పన్నెండింటినుంచి మూడింటిదాకా ఆరాధన జరుపుకుంటుంది. ప్రభువు సిలువమీద ఏడు మాటలు పలికాడు. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. మాటలన్నీ దేవుడి దృష్టిలో సమానమే. కమిటీ దృష్టిలో కాదు. క్షమాపణ గురించిన మొదటి మాట ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి మర్యాదగా ఇస్తారు, అప్పటికి జనం ఇంకా రారు కాబట్టి. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట స్త్రీలకి ప్రాతినిధ్యం కింద ఒక ఆడమనిషికి ఇస్తారు. ఆ ఏడాదికి ప్రాతినిధ్యం అంతటితో సరి. దాహమవుతోందన్న అయిదో మాట మరీ చిన్నది, కుర్రాళ్ళకి ఇస్తారు. చివరిది పాస్టరు అయ్యగారిది. ఇక పని ముగిసిందని ప్రభువు పలికిన ఆరో మాట ఉంది చూశారూ, దానికి ఉన్న హోదా వేరు. అప్పటికి గుడి నిండి ఉంటుంది, తలుపుల దగ్గర కూడా జనం నిలబడి ఉంటారు, ఆకలిమీద అందరికీ భక్తి ముదిరి ఉంటుంది.

ఆ ఆరో మాట పందొమ్మిదేళ్ళుగా పోలరాజు గారిది. ప్రభువు ఒక్క మాటలో ముగించిన సంగతిని ఆయన నలభై అయిదు నిమిషాల్లో వివరించేవారు. కేటాయించిన సమయం ఇరవై. అందుచేత ఆ సంఘంలో ఏడో మాట మీద నాలుగు నిమిషాలకు మించి ప్రసంగం విన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఈ ఏడాది, ఈస్టరు ముందొచ్చే నలభై శ్రమల దినాలు మొదలవకముందే, కమిటీ కూర్చుని ఆరో మాటని సునీల్‌కి ఇచ్చింది. సునీల్ వయసు ముప్పైనాలుగు. ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. పోయిన క్రిస్‌మస్‌కి లాప్‌టాపు పెట్టి గోడమీద బొమ్మలతో సందేశం ఇచ్చాడు, ముసలివాళ్ళు కూడా నిద్రపోకుండా చూశారు. పోలరాజు గారికి అయిదో మాట కేటాయించినట్టు పాస్టరు ప్రసన్నకుమార్ గారు ‘సంఘ విశాల ప్రయోజనాల దృష్ట్యా’ అనే మాటతో మొదలయ్యే ఉత్తరం పంపించారు.

ఉత్తరం రెండుసార్లు చదివి పోలరాజు గారు కుర్చీలో కూలబడ్డారు. “దాహమా?” అన్నారు భార్యతో. “పందొమ్మిదేళ్ళ సర్వీసుకి దాహం ఇచ్చినారా నాకు?”

ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ మాట ఒప్పుకోవాలి. ముప్పైయేళ్ళుగా ఆయన పని లారీ వచ్చి కాటా ఎక్కితే చీటీ మీద బరువు చూసి సంతకం పెట్టడం. ఆ ఉద్యోగంలో ఆయన మాట ఎవరికీ అవసరం పడలేదు, లారీ డ్రైవర్లు హారన్ తప్ప మరేం వినరు. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం నాలుగువందలమంది కదలకుండా కూర్చుని ఆయన గొంతు వినేవారు. ఆ మధ్యాహ్నం కోసం ఆయన మిగతా ఏడాదంతా మంచివాడిగా ఉండటానికి ప్రయత్నించేవారు.

ఆ మర్నాటినుంచి ఆంగ్లికన్ సంఘంలో లోపాలు ఆయన కంటికి ఒక్కొక్కటే అగుపించసాగాయి. ఒక ఇంగ్లీషు రాజుగారి పెళ్ళి గొడవలోంచి పుట్టిన సంఘం ఇది! ఈ సంగతి ఆయనకి సండేస్కూలు రోజులనుంచీ తెలుసు గాని, దాని తీవ్రత యాభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు తట్టింది. అపొస్తలులనుంచి చేతిమీద చెయ్యిగా వచ్చిన అధికారం ఎవరిదగ్గర ఉంది? రోమ్ దగ్గర. అన్నిటికంటే ఆయన మనసుని పట్టుకున్న విషయం, అక్కడ కమిటీలు ఓట్లు వేసి మాటలు పంచవు. పైనుంచి ఒక ఆజ్ఞ వస్తుంది, కింద అందరూ ఆమెన్ అంటారు. ఎంత క్రమశిక్షణ! ఆ కిందివాళ్ళలో తానూ ఒకడవుతానన్న ఆలోచన మాత్రం ఆయన పరిశీలనలో ఎక్కడా తగల్లేదు.

నిర్ణయం ఇంట్లో భోజనాల దగ్గర ప్రకటించారు. కూతురు సౌజన్య, బ్యాంకులో పని చేస్తుంది, తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబిస్తుంది, కంచంలోంచి తలెత్తి, “పాపా, ఆప్ ధరమ్ బదల్ రహే హైఁ యా డిపార్ట్‌మెంట్?” అని అడిగింది. మతం మారుతున్నారా, డిపార్ట్‌మెంటా అని. పోలరాజు గారు ఈ తరానికి ఆత్మీయత లేదని విచారించి పప్పు వేయించుకున్నారు.

భార్య అమ్మణ్ణి వైపు తిరిగారు. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అమ్మణ్ణి పుట్టుకతోనే కతోలికురాలు. సాలూరు దగ్గర, ఆర్సీఎం వాళ్ళమ్మాయి. ముప్పైమూడేళ్ళ కిందట సంబంధం కుదిరినప్పుడు పిల్ల తమ సంఘంలో కలవాలన్న ఒక్క షరతు మీద పోలరాజు గారి వాళ్ళు ఒప్పుకున్నారు. పిల్లనెవరూ అడగలేదు. పెళ్ళయిన మూడోనాడు కొత్తపెళ్ళికొడుకు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి విగ్రహారాధన అనే అంశం మీద గంటసేపు మాట్లాడారు. వాళ్ళమ్మ ఇచ్చి పంపిన జపమాలని అప్పటి అయ్యగారికి అప్పగించారు. ఆయన దాన్ని గుడి బీరువాలో పెట్టి ‘పూసలు, ఒకటి’ అని రిజిస్టరులో రాశారు. ఆ రోజునుంచి అమ్మణ్ణి ఆ ఇంట్లో మరియమాత పేరెత్తలేదు. బఠాణీలు ఒలిచేటప్పుడు మాత్రం ఆవిడ పెదాలు కదులుతూ ఉంటాయి. గింజలు లెక్కపెడుతోందని పోలరాజు గారు అనుకునేవారు.

“మట్టల ఆదివారానికల్లా, గుడ్‌ఫ్రైడేకి ముందే, మనం కతోలికులం” అన్నారు ఆయన. “నీకేటి, సులువే. అలవాటున్నదానివి.”

“ఏటండీ, నన్నడుగుతన్నారా, నాకు సెప్తన్నారా?” అంది అమ్మణ్ణి.

చెప్తున్నట్టే ఆయన స్పష్టం చేశారు. అమ్మణ్ణి మర్నాడు పెట్టె అడుగునున్న తెల్లచీర తీసి ఉతికి, ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించింది. కూర తరుగుతూ రెండుమూడుసార్లు దాన్ని చూసుకుంది. ఎందుకు వెళుతున్నా వెళుతున్నారు కదా అని ఆవిడకి ఆశ పుట్టింది.

కతోలిక గుడిలో ఫాదర్ తిర్కీ గారిని కలవడానికి ఇద్దరూ వెళ్ళారు. ఆయన ఉరావ్ ఆదివాసీ, సన్నటి మనిషి, వాళ్ళు వెళ్ళేసరికి బొప్పాయి మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఎందుకు రావాలనుకుంటున్నారని హిందీలో అడిగారు. పోలరాజు గారు గొంతు సవరించుకుని అపొస్తలుల పరంపర అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడారు. ఈలోగా ఫాదర్ మొక్కలన్నీ తడిపేసి, తొట్టి కడిగి, చేతులు తుడుచుకున్నారు. సంతోషం అన్నారు. ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఉపదేశ తరగతికి రమ్మన్నారు. ఏడాదిపాటు.

ఇరవై రెండేళ్ళు సండేస్కూలు సూపరింటెండెంటుగా చేసిన పోలరాజు గారు మళ్ళీ బెంచీ ఎక్కాలన్నమాట. సరే, సత్యం కోసం అదీ భరించడానికి సిద్ధపడ్డారు. మరి బాప్తిస్మం ఎప్పుడని అడిగారు. ఆ సందర్భానికి ఇవ్వబోయే సాక్ష్యం ఆయన అప్పటికే మూడు పేజీలు రాసుకున్నారు. ఆంగ్లికన్ బాప్తిస్మం చెల్లుతుంది, రెండోసారి ఇవ్వం అన్నారు ఫాదర్. తాను విడిచిపెడుతున్న సంఘానికి రోమ్ ఇంత విలువ ఇవ్వడం పోలరాజు గారికి మింగుడుపడలేదు. పోనీ గుడ్‌ఫ్రైడేకి ఇక్కడ ఆరో మాట ఎవరు చెబుతారని విచారించారు. ఇక్కడ ఆ పద్ధతి లేదట. ప్రభువు శ్రమల వృత్తాంతం చదువుతారు, అందులో జనానికి ఒక్క భాగమే ఉంది. ఆయన్ని సిలువ వెయ్యమని గుంపు కేకలేసే చోట అందరూ కలిసి గొంతు కలపాలి. దానికి మైకు అక్కర్లేదని ఫాదర్ చెప్పారు.

పాపసంకీర్తనం సంగతి వచ్చింది. చేసిన పాపాలు దాచకుండా గురువుకి చెప్పుకోవాలని ఫాదర్ వివరిస్తుండగానే, పోలరాజు గారు ఆలస్యమెందుకని అక్కడే మొదలుపెట్టారు. పాస్టరు ప్రసన్నకుమార్ పక్షపాతం, కమిటీ కార్యదర్శి అహంకారం, సునీల్ బొమ్మల పిచ్చి, తేదీలతో సహా అన్నీ చెప్పేశారు. ఫాదర్ ఓపిగ్గా విని, వీటిలో మీవి ఏవి అని అడిగారు. పోలరాజు గారు కాసేపు ఆలోచించి, తనవి ఆ స్థాయిలో లేవని నిజాయితీగా ఒప్పుకున్నారు.

అప్పుడు ఫాదర్ అమ్మణ్ణి వైపు తిరిగి, “ఔర్ ఆప్?” అన్నారు.

మీ సంగతేమిటని ఆవిణ్ణి ఎవరైనా అడగడం ముప్పైమూడేళ్ళలో ఇదే మొదలు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చి, తనకొచ్చిన హిందీలో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఫాదర్ కూర్చున్న బల్లమీంచి లేచారు. మీకు ఏ తరగతీ అక్కర్లేదు, మీరు ఇక్కడివారే అన్నారు. పాపసంకీర్తనం చేసుకోవాలి, ఇంకొకటి, గుడి బయట జరిగిన పెళ్ళిని సరిచేసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఇద్దరు సాక్షుల ఎదుట తన ముందు నిలబడి మా ఇష్టంతోనే కలిసి ఉంటున్నామని చెబితే చాలు. పావుగంట పని. మట్టల ఆదివారానికి ముందు శనివారం పది గంటలకి రండి, ఈస్టరు పండగకి మీరు సత్ప్రసాదం, పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె, తీసుకోవచ్చు, అది సరిచేసుకునేదాకా మాత్రం కుదరదు అన్నారు. పోలరాజు గారు తలూపారు. ఆయన ఇంకా మైకు గురించే ఆలోచిస్తున్నారు.

ఇక సంఘంలో పరిస్థితి. తాను వెళ్ళిపోతున్న వార్త పోలరాజు గారు అత్యంత రహస్యంగా ఉంచారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, ఊరంతటికీ చెప్పగల ముగ్గురిని ఏరి మరీ చెప్పారు. సాయంత్రానికి కమిటీ పరిగెత్తుకొస్తుందని ముందుగదిలో కుర్చీలు సర్దించారు. మూడు వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు. ఆ అవమానంలో ఆయన నిజంగా కతోలికుడైపోయేంత ప్రమాదం వచ్చింది. రెండు తరగతులకి వెళ్ళి, భుయ్యాడీహ్ నుంచి వచ్చే ఒక నర్సమ్మ పక్కన కూర్చుని ప్రార్థనలు వల్లించారు. అమ్మణ్ణి ఇంట్లో వంట చేస్తూ మెల్లగా పాడుకోవడం కూడా మొదలుపెట్టింది, ఆ పాటలు సౌజన్య ఎప్పుడూ విని ఉండలేదు.

నాలుగోవారం దైవకార్యం జరిగింది. సునీల్ పనిచేసే చోట ఫర్నేసు షట్‌డౌను పడింది, గుడ్‌ఫ్రైడే రోజంతా సేఫ్టీ ఆఫీసరు కదలకూడదని ఉత్తర్వు వచ్చింది. మట్టల ఆదివారానికి ముందు గురువారం పొద్దున్నే పాస్టరు గారు ఇద్దరు కమిటీ సభ్యులతో పోలరాజు గారింట్లో ప్రత్యక్షమయ్యారు. కూర్చోకముందే ప్రసంగించారు.

“పోలరాజు గారూ, మందలో ఒక్క గొర్రె తప్పిపోయినా కాపరికి నిద్ర పట్టదు. ఈ నాలుగు వారాలూ కమిటీ కన్నీటితో ప్రార్థించింది. మీ వంటి ఆత్మీయ స్తంభం కదిలితే ఈ సంఘం పునాదులే కదులుతాయి. ఆరో మాట దేవుడు మీ కోసమే ప్రత్యేకించి ఉంచాడని ఏకగ్రీవంగా గుర్తించాం. అయితే మీరు ఆ ఫాదరు దగ్గరికి వెళుతున్నారని ఏవో పుకార్లు. గుడ్‌ఫ్రైడే దాకా ఆ గడప తొక్కకపోతే సంఘ సాక్ష్యానికి మంచిది.”

పోలరాజు గారు ప్రార్థించడానికి సమయం అడిగారు. టీ చల్లారేలోపు జవాబు వచ్చింది. అదే రోజు మధ్యాహ్నానికి రోమన్ సంఘంలోని లోపాలు కూడా ఆయన కంటికి కనిపించసాగాయి. ఎక్కడి పోపు, ఎక్కడి పునీతులు, ఏమిటా విగ్రహాలు? విశ్వాసికి మాట్లాడే స్వేచ్ఛ లేని చోట ఆత్మ ఎలా వికసిస్తుంది?

శనివారం తొమ్మిదిన్నరకి అమ్మణ్ణి తెల్లచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చి నిలబడింది. పోలరాజు గారు ముందుగదిలో ప్రసంగం రాసుకుంటున్నారు. ఆవిణ్ణి చూసి, ఎక్కడికి అన్నారు. చెప్పింది. ఇప్పుడు కుదరదన్నారు.

“పావుగంటండీ” అంది అమ్మణ్ణి. “ఫాదర్ ముందర నిలబడి అవునంటే సాలు. ముప్పైమూడేళ్ళయింది నాను సత్ప్రసాదం నోట్లో ఏసుకుని. మీరా మతంలోకి రావద్దు. ఆ పావుగంట నా పక్కన నిలబడండి, సాలు.”

“ఇప్పుడా గడప తొక్కినానంటే ఆరో మాట మళ్ళా ఆ సునీల్‌కెళ్ళిపోద్ది. పండగవనీ, సూద్దాం.”

“సునీల్‌కి ఆ రోజు డ్యూటీ గదా.”

“ఏరేవోళ్ళు లేరేటి?” అన్నారు పోలరాజు గారు, కలం మూత తీస్తూ.

అమ్మణ్ణి ఒక్కతే ఆటో ఎక్కి వెళ్ళింది, భర్త కూడా పక్కన ఉండాలని విని తిరిగొచ్చి, చీర మార్చుకుని అన్నం వండింది. పోలరాజు గారు అప్పటికి ‘త్యాగము’ అనే ఉపశీర్షిక దగ్గర ఉన్నారు.

గుడ్‌ఫ్రైడే ప్రసంగం ఆయన జీవితంలోకెల్లా గొప్పదని విన్నవాళ్ళంతా ఒప్పుకుంటారు. యాభై రెండు నిమిషాలు. పదవుల మీద మోజునీ, పొగడ్తల మీద ఆకలినీ ఆయన చీల్చి చెండాడారు. నేను అనే మాటని సిలువ వెయ్యాలని చెబుతూ ఆ మాటని చాలాసార్లు వాడారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. చివర్లో గొంతు తగ్గించి, తాను కూడా ఈమధ్య ఒక శోధనలో పడి ప్రభువు కృపవల్ల బయటపడ్డాననీ, ఒకప్పుడు తన భార్యని కూడా అలాంటి చీకట్లోంచి తానే చెయ్యి పట్టుకుని వెలుగులోకి తెచ్చాననీ, అందుకు సజీవ సాక్ష్యం ఆమేననీ చెప్పి, స్త్రీల వరసలో మూడో బెంచీ వైపు చెయ్యి చాపారు. నాలుగువందల తలలు అటు తిరిగాయి. బెంచీ మీద ఒక చేతిసంచీ, రెండు పాటల పుస్తకాలు ఉన్నాయి. మంచినీళ్ళకి వెళ్ళి ఉంటుందని పోలరాజు గారు సర్దిచెప్పి, ముగింపు ప్రార్థనలోకి వెళ్ళారు.

అమ్మణ్ణి అప్పటికి కతోలిక గుడిలో ఆఖరి బెంచీలో కూర్చుని ఉంది. సత్ప్రసాదానికి అందరూ వరసగా లేచి వెళుతుంటే, పక్కవాళ్ళు దాటడానికి వీలుగా కాళ్ళు ముడుచుకుంది. తను లేవలేదు. ఈస్టరు నాడూ లేవలేదు. ఆ తర్వాత వచ్చిన ఆదివారాలన్నీ అక్కడికే వెళ్ళి అలాగే కూర్చుంటోంది. పోలరాజు గారు పండగ తర్వాత చూద్దామన్నది పెంతెకొస్తు పండగ తర్వాతకీ, ఆపైన కమిటీ ఎన్నికల తర్వాతకీ వాయిదా పడింది.

ఒక సీనియర్ సభ్యుడి భార్య సంఘానికి రావడం మానేసిన విషయాన్ని సంఘం చూస్తూ ఊరుకోలేదు. పాస్టరు గారు అధ్యక్షులుగా, కార్యదర్శి, కుటుంబ యజమాని పోలరాజు గారు సభ్యులుగా త్రిసభ్య విచారణ సంఘం ఏర్పాటైంది. విచారణ ఒక ఆదివారం సాయంత్రం పోలరాజు గారింట్లోనే జరిగింది. సంఘం గంటన్నరపాటు అన్ని కోణాలనూ కూలంకషంగా పరిశీలించింది. స్త్రీల వైపు ఫ్యాను సరిగా తిరగకపోవడం కారణమా అని కార్యదర్శి అనుమానించారు. విదేశీ ప్రభావం ఉండవచ్చని పాస్టరు గారు అన్నారు. ఆ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటివి మామూలేనని పోలరాజు గారు అనుభవంమీద చెప్పారు. టీ రెండుసార్లు, పకోడీలు ఒకసారి వచ్చాయి, తెచ్చింది అమ్మణ్ణే. కప్పులు తియ్యడానికి వచ్చి ఆవిడ ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. అధ్యక్షులవారు మాట ఆపి ఆవిడవైపు చూసి, రెండో టీలో పంచదార తక్కువైందన్నారు.

సోదరి నిష్క్రమణకు గల కారణాలు ఎంత విచారించినా తెలియరాలేదని నివేదిక సమర్పించారు. సర్వసభ్య సమావేశంలో దాన్ని చదివి, ఆమోదించేవారు చేతులెత్తండి అన్నారు. అందరూ ఎత్తారు. ఎత్తినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే.